గాలి కబురు

మధ్యాహ్నం కుట్టేశారు నన్ను.
పొద్దు వాలేసరికి ఒక చెంచా నీళ్ళు.
చీకటి పడ్డాక మరో రెండు.
ముప్ఫై ఏళ్ళ నర్సు ఖోర్లో
దుప్పటి సర్దుతూ అడుగుతుంది,
"గాలి కదిలిందా?"
పొరుగూరి వానల సంగతి అడిగినంత మామూలుగా.

కిటికీ అవతల అర్వైఖేర్ అంతా గాలే.
రేకులు లేపుతోంది, బొగ్గు పొగని నేలకేసి రుద్దుతోంది.
గుర్రాలు దానికి వీపు తిప్పి నిలబడ్డాయి.
ఇంత గాలిలో నాకు కావలసింది పిడికెడు,
అదీ లోపల్నుంచి.

కింద గేటు దగ్గర మా అత్త దుల్మా
మూడు లీటర్ల ఫ్లాస్కు ఇచ్చి వెళ్ళింది.
దాని మెడకి ప్లాస్టర్ ముక్క,
దానిమీద వంకర రాతలో నేను:
తుంగలగ్, నాలుగో గది.
లోపల మా చీలిన చెవి పొట్టేలు.
ఎండలు తగ్గినప్పుడే దానికేసి వేలు చూపించి
"ఇది బాలింతది" అంది,
బేరగాళ్ళు ఎంత పెంచినా అమ్మలేదు.
ఉప్పు తప్ప ఇంకేమీ వెయ్యలేదట.
మూత బిగించే ఉంది,
అయినా వాసన నన్ను పేరు పెట్టి పిలుస్తోంది.

నలుగురినీ గెర్‌లోనే కన్నది ఆవిడ.
బొడ్డు కోసేలోపే గిన్నె నోటికందిందట.
కోసి కుట్టిన కడుపు ఎలా ఉంటుందో
ఆవిడకి తెలీదు.
నిన్నటిదాకా నాకూ తెలీదు.

రాజధానిలో చదివొచ్చిన డాక్టరు అనుజిన్
నా పొట్టమీద చల్లటి గొట్టం ఆనించి విని
"గాలికోసం కాచుక్కూర్చోనక్కర్లేదు.
వాంతి లేదు, నీళ్ళు నిలిచాయి,
చారు మొదలుపెట్టండి" అంటుంది.
"నేను చూశానమ్మా ఉబ్బిన పొట్టలు" అంటుంది ఖోర్లో.
నా మీదుగానే వాదులాట,
కంచె మీదుగా ఇరుగుపొరుగుల్లా.
నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.
చివరికి డాక్టరు జేబులోంచి
ఒక చూయింగ్ గమ్ తీసింది.
"నమలండి, మింగకండి.
భోజనం వస్తోందనుకుని పేగులు లేస్తాయి."

నవ్వొచ్చింది, కుట్లు పట్టేశాయి.
పిల్లని దగ్గరికి రానివ్వని గొర్రెకి
చెవిలో పాడి పాడి పాలిప్పించినదాన్ని నేను.
ఇప్పుడు నా పేగుల్ని నేనే
పుదీనా వాసనతో బుజ్జగిస్తున్నాను.

ఇంకా పేరు లేని నా కూతురు
నాకంటే ముందు భోంచేసింది,
మూడు చుక్కలు, పచ్చటివి, చిక్కటివి.
తిని, నా చంకలో ముక్కు పెట్టి పడుకుంది
యజమానురాలిలా.

రాత్రి రెండింటికి గది తలుపు చప్పుడు.
ఖోర్లో.
చేతిలో నా ఫ్లాస్కు, ఒక గాజుగుడ్డ, చిన్న గిన్నె.
కొవ్వు తీసింది, వడగట్టింది, పెదవికానించి వేడి చూసింది.
"నాకూ కోశారు, ఇదే వార్డులో, ఆ చివరి మంచం.
మూడు రోజులు కాచుకోమన్నారు, కాచుకున్నాను.
మూడో రోజుకి గోడకున్న సున్నం కూడా
పెరుగులా కనబడింది నాకు."
చెంచా నా నోటిదాకా వచ్చి ఆగింది.
"డాక్టరుతో చెప్పకు,
తన మాటే నెగ్గిందనుకుంటుంది."

మొదటి చెంచా.
గడ్డి ఉంది దాంట్లో, ఎండ ఉంది,
చెవి చీలినరోజు అది అరిచిన అరుపుంది.
కడుపు ఏమంటుందోనని
ఇద్దరం ఊపిరి బిగబట్టి విన్నాం.
ఏమీ అనలేదు.
రెండో చెంచా. మూడోది.
"చాలు" అని గిన్నె లాక్కుంది దొంగలా.

తెల్లారగట్ల, గోడ పట్టుకుని
వంగిపోయి, మరుగుదొడ్డికి ఆరడుగుల దూరంలో
వచ్చింది.
అంత చిన్న చప్పుడుకి
ఎదురు మంచం ఆవిడ చప్పట్లు కొట్టింది.
ఖోర్లో కారిడార్ చివరిదాకా వినబడేలా
"నాలుగో గది!" అని కేకేసి
కాగితంలో ఏదో రాసుకుంది.

ఫోను మోగింది. అత్త.
"తాగావా?"
సిగ్గుపడుతూ చెప్పాను, గాలి వచ్చిందని.
"ఇక్కడా ఉంది" అంది దుల్మా,
"టోపీ ఎగరేసుకుపోయింది.
నువ్వు తాగావా లేదా, అది చెప్పు."